పొలిమేర దాకా రెండు రోజులు

విహారయాత్ర అన్న మాట చెవిని పడగానే విద్యార్థి లోకంలో ఒక కదలిక పుడుతుంది. ఏ ఊరికి, ఎన్ని రోజులు, తలకు ఎంత అన్న మూడు ప్రశ్నలు వరుసగా వస్తాయి. మొదటి దానికి సమాధానం సాధారణంగా ఊటీ, కాకపోతే హైదరాబాదు, ఈ మధ్య కొంతకాలంగా గోవా. రెండవ దానికి నాలుగు రోజులో, ఐదు రోజులో. మూడవ ప్రశ్నకు సమాధానం వచ్చేసరికి తరగతిలో సగం మంది తలలు వంచుకొని పుస్తకాలు తిరగవేయడం ప్రారంభిస్తారు. విద్యార్థినుల వరుసలోనైతే రెండవ ప్రశ్న దగ్గరే ఆ పని జరిగిపోతుంది. మిగిలిన వారితో బస్సు కదులుతుంది. తిరిగివచ్చిన తరువాత వార్షిక సంచికలో ఒక ఛాయాచిత్రం అచ్చవుతుంది. అందులో ఉన్నవారిని అందరూ గుర్తుపడతారు. లేనివారిని ఎవరూ లెక్కపెట్టరు.

ఆ లేనివారిని మనసులో ఉంచుకొనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. కళాశాల కమిటీ పెద్దలకూ, విద్యార్థినీ విద్యార్థులకూ నేను చేసే ప్రతిపాదన ఇది. దూరపు యాత్రను పక్కనబెట్టి, మన కోస్తాకు దక్షిణపు కొసన ఉన్న పొలిమేరకు, అనగా సూళ్లూరుపేట, శ్రీహరికోట, తడ మీదుగా సరిహద్దుకు ఆవల ఉన్న పళవేర్కాడు వరకు రెండు రోజుల యాత్రను ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటును అధ్యాపకులు కాక విద్యార్థులే చేయాలి. అందులోనూ ఉర్దూ విభాగం వారూ తెలుగు విభాగం వారూ ఒకే బల్ల చుట్టూ కూర్చొని చేయాలి. ఈ చివరి మాటే అన్నిటికన్న ముఖ్యమని నా అభిప్రాయం. దాని సంగతి తరువాత చెబుతాను.

నెల్లూరు నుండి సూళ్లూరుపేట వంద కిలోమీటర్ల లోపే. అంత దగ్గరి ఊరికి పోవడం కూడా ఒక యాత్రేనా అని పరిహాసం చేసేవారు తప్పక ఉంటారు. దూరాన్ని బట్టి యాత్ర గొప్పతనాన్ని కొలిచే అలవాటు మనకు ఎలా అబ్బిందో తెలియదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణపు అంచున సాన్ డియాగో అనే నగరం ఉన్నది. అక్కడివారు తీరిక దొరికినప్పుడు సరిహద్దు దాటి, మెక్సికో దేశపు తిహువానా నగరంలో ఒక పూట గడిపి, అక్కడి తిండి తిని, బజారు చూసి, సాయంకాలానికి ఇల్లు చేరుకొంటారు. ఎల్ పాసో వాసులకు నది దాటితే హువారెజ్ నగరం. తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టులు చేతబట్టుకొని గంటల తరబడి వరుసలో నిలబడవలసి వచ్చినా వారు పోవడం మానలేదు. గడప దాటిన మరుక్షణమే మరొక భాష, మరొక రుచి, మరొక మర్యాద ఎదురుకావడంలో ఉన్న ఆనందం అటువంటిది. మనకు ఆ ఆనందం పాస్‌పోర్టు అవసరం లేకుండానే దొరుకుతున్నది. తడ దాటి ఆరంబాకం చేరగానే అంగళ్ల మీది పలకలపై లిపి మారిపోతుంది. విచిత్రమేమంటే, ఆ పలకల కింద కూర్చున్న వ్యాపారి మనతో తెలుగులోనే బేరమాడతాడు. గుమ్మిడిపూండి వరకూ, ఆ పైన కూడా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతం అటు పోయింది. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుండి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. పటం మీద గీత జరిగినంత సులభంగా ఇంట్లో మాట్లాడే భాష జరగలేదు. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు నెల్లూరు జిల్లాను వదలి తిరుపతి జిల్లాలో చేరాయి. కాగితం మీద అది ఇప్పుడు మన జిల్లా కాదు. అది మన కోస్తా కాదని మాత్రం ఎవరూ అనరు.

సరిహద్దు పట్టణమంటే మన పెద్దలకు ఒక జంకు ఉన్నది. అది పూర్తిగా నిష్కారణం కాదు. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో తిహువానా తాగుబోతులకు తీర్థమైంది. ఆ అపకీర్తి ఈనాటికీ పూర్తిగా తొలగలేదు. మన అనుభవమూ కొంత అటువంటిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా అంటుకొని 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ రెండేళ్లలో పొరుగు రాష్ట్రాల పొలిమేర దుకాణాలకు మనవారే పోషకులయ్యారు. అటువంటి ఊళ్ల పేరు వినగానే తల్లిదండ్రుల నుదుట ముడి పడడం సహజం. కాని మన విద్యార్థులు అక్కడికి పోయేది సరస్సును, పక్షులను, రాకెట్ల కేంద్రాన్ని చూడడానికి. పగటి వెలుగులో పోయి, అధ్యాపకుల కనుసన్నలలో తిరిగేవారి గురించి ఈ భయం అనవసరం.

ఇక శ్రీహరికోట సంగతి. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. ఈ రెంటి నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని దీవి అది. రాకెట్ల ప్రయోగానికి 1969లో ఈ నేలను ఎంచుకొన్నారు. 1971 అక్టోబరులో రోహిణి రకపు చిన్న రాకెట్లతో పని మొదలైంది. ఇంత పెద్ద దేశంలో ఈ నేలనే ఎందుకు ఎంచుకొన్నారన్న ప్రశ్న ప్రతి విద్యార్థికీ రావాలి. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతున్నది. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ ఆ తిరుగుడు వేగం హెచ్చు. శ్రీహరికోట ఉన్న అక్షాంశం వద్ద అది సెకనుకు దాదాపు 450 మీటర్లు. తూర్పు దిక్కుగా ఎగిరే రాకెట్టుకు ఆ వేగం పైసా ఖర్చు లేకుండా కలిసివస్తుంది. మండిపోయిన భాగాలు ఎవరి ఇంటి మీదా పడకుండా సముద్రంలో పడతాయి. దక్షిణ దిశగా ధ్రువకక్ష్యకు పోవలసిన రాకెట్లు మాత్రం శ్రీలంకను తప్పించుకొంటూ వంకర దారిన పోవలసి ఉంటుంది. అందులో ఇంధనం నష్టపోతున్నందున, చిన్న రాకెట్ల కోసం తమిళనాడులోని కులశేఖరపట్టణంలో మరొక కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. ఈ విషయమంతా తరగతి గదిలో పది నిమిషాలలో చెప్పవచ్చు. విద్యార్థి దానిని పది నిమిషాలలో మరచిపోనూ వచ్చు. సరస్సు నడుమ నుండి పోయే రోడ్డు మీద నిలబెట్టి, తూర్పు వైపు వేలు చూపి చెప్పిన పాఠం అంత తొందరగా మరపునకు రాదు.

1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు సముద్రం పాలైంది. 1980 జూలై 18న అదే రకపు రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ పథకానికి సంచాలకులు రామేశ్వరం వాస్తవ్యులైన అబ్దుల్ కలాం గారు. ఓటమి నాడు పత్రికా విలేఖరుల ఎదుట అంతరిక్ష సంస్థ అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు తామే కూర్చొని బాధ్యత వహించారు. గెలుపు నాడు కలాం గారిని కూర్చుండబెట్టారు. ఈ ముచ్చటను కలాం గారు తమ జీవితకాలంలో ఎన్నో సభలలో చెప్పుకొన్నారు. ధావన్ గారు 2002 జనవరిలో కన్నుమూయగా, ఆ సంవత్సరం సెప్టెంబరు 5న కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. చంద్రునికీ, అంగారకునికీ మన దేశం పంపిన నౌకలన్నీ ఇక్కడి నుండి ఎగిరినవే. 2025 జనవరి 29 నాటి ప్రయోగంతో ఈ కేంద్రం నూరు ప్రయోగాలు పూర్తి చేసుకొన్నది.

కలాం గారి పటం లేని ముస్లిం విద్యాసంస్థ మన ప్రాంతంలో అరుదు. టిప్పు సుల్తాను రాకెట్ల మీద ఒక వ్యాసమైనా లేని వార్షిక సంచిక కూడా అరుదే. కాని కలాం గారు చెమటోడ్చిన ఆ నేలను చూసినవారు మీలో ఎందరని ఒకనాడు తరగతిలో అడిగితే, అరవై మందిలో లేచిన చేతులు నాలుగు. మిగిలిన వారికి శ్రీహరికోట దూరదర్శనంలో కనిపించే నిప్పు, పొగ మాత్రమే.

ఇక్కడ మరొక జంకును గురించి చెప్పవలసి ఉన్నది. బయటికి ఎవరూ అనరు గనుక నేనే అంటున్నాను. బందోబస్తు గట్టిగా ఉండే చోటికి, మన పేర్లు గల పిల్లలను గుంపుగా తీసుకొనిపోతే అనవసరపు ప్రశ్నలు ఎదురవుతాయేమో, ఎందుకు వచ్చిన తంటా అని కొందరు తల్లిదండ్రులు, కొందరు పెద్దలు కూడా లోలోపల అనుకొంటున్నారు. వారి మనసులోని బాధ నాకు అర్థం కానిది కాదు. ఐనప్పటికీ, ఇంకా ఎవరూ అడగని ప్రశ్నకు భయపడి మన పిల్లల ఎదుట మనమే తలుపు మూయడం న్యాయం కాదు. గుర్తింపు కార్డు చూపమనడం అక్కడ అందరికీ ఉన్న నియమమే. అది ప్రజల సొమ్ముతో కట్టిన కేంద్రం. మన అబ్బాయి గాని, అమ్మాయి గాని కార్డు చూపి, తన పేరు స్పష్టంగా పలికి, లోపలికి పోయి, ప్రదర్శనశాలలో ఎస్.ఎల్.వి. నమూనా ముందు నిలబడాలి. ఈ యాత్రలో నేను కోరే దృశ్యాలలో అది మొదటిది.

విద్యార్థుల మనసులో మరొక కోరిక ఉంటుంది. పోతే రాకెట్టు ఎగిరే రోజునే పోవాలని. 2019 నుండి ప్రజలు కూర్చొని ప్రయోగం చూడడానికి ఒక వీక్షణశాల ఏర్పడింది. దాదాపు 5,000 మందికి చోటు గలది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. చీటీలు తెరిచిన కొద్దిసేపటికే నిండిపోతాయి. ప్రయోగం చూడవద్దని నేను అనను. కాని యాత్రనంతా దాని మీద కట్టవద్దంటాను. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగురుతుందని ఎక్కడెక్కడి నుండో జనం వచ్చి కూర్చున్నారు. 56 నిమిషాలు మిగిలి ఉండగా గడియారం ఆగిపోయింది. వచ్చినవారు వచ్చిన దారినే పోయారు. వారం తరువాత, జూలై 22 మధ్యాహ్నం అది నిక్షేపంగా ఎగిరింది. శాస్త్రజ్ఞులు అనుమానం వచ్చినప్పుడు ఆగడమే వారి ధర్మం. మనకు మాత్రం రైలు చీటీలు, భోజనాలు, తల్లిదండ్రుల అనుమతులు అన్నీ ఒక తేదీకి ముడిపడి ఉంటాయి. కాబట్టి రాకెట్టు కోసం పోవద్దు; సరస్సు కోసం పోవాలి. సరస్సు వాయిదా పడదు. మన అదృష్టం బాగుండి ఆ రోజే ప్రయోగం ఉంటే, సూళ్లూరుపేటలో ఏ మిద్దె మీదికి ఎక్కినా కనిపిస్తుంది. నెల్లూరులో మన మిద్దె మీదికి ఎక్కినా, ఆకాశం తేటగా ఉంటే కనిపిస్తుంది.

శ్రీహరికోటలో చూడదగినది రాకెట్లే అనుకోవడం కూడా పొరపాటు. ఆ దీవి కేంద్రం రాక మునుపు ఖాళీగా లేదు. అడవి దుంపలు, తేనె, చేపలు, మూలికలు నమ్ముకొని బ్రతికిన యానాదుల నివాసం అది. కేంద్రం వచ్చినప్పుడు అక్కడి పల్లెలు లేచిపోవలసి వచ్చింది. కొందరికి కేంద్రంలో చిన్న పనులు దొరికాయి. చాలామంది అడవికీ దూరమై, ఊరికీ దగ్గర కాలేకపోయారు. దేశానికి దక్కిన కీర్తిని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. చరిత్ర, అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ఆ కీర్తికి ఎవరు స్థలం ఇచ్చారో కూడా తెలుసుకొని రావాలని చెబుతున్నాను. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మనకు ఈ ప్రశ్న ఇతరులకన్న ముందు తట్టాలి.

ఇక సరస్సు. భారతదేశపు ఉప్పునీటి కయ్యలలో ఒడిశాలోని చిలికా తరువాత పెద్దది ఇదే. అధిక భాగం మన రాష్ట్రంలోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నది. కాళంగి, ఆరణి నదులు దీనిలో కలుస్తాయి. 1877-78 కరవు కాలంలో కూలి పనిగా కొంత భాగం త్రవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన బకింగ్‌హాం కాలువ దీని గుండానే పోతుంది. తెలుగువారు దీనిని ప్రళయ కావేరి అని పిలుచుకొన్నారు. స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు ఈ దీవుల తెలుగును, ఇక్కడి మనుషులను అచ్చులోకి తెచ్చాయి. తెలుగు విభాగం విద్యార్థులు ఆ కథలు చదవకుండా బస్సు ఎక్కరాదని నియమం పెట్టినా తప్పు లేదు.

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డుకు ఇరువైపులా చలికాలంలో నీరు పలుచగా పరుచుకొని ఉంటుంది. ఆ నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, బురదను వడగట్టి, సూక్ష్మజీవులను తినే పక్షి అది. దాని రెక్కల గులాబీ వన్నె పుట్టుకతో వచ్చినది కాదు. తిన్న తిండి నుండి చేరినది. ఉత్తరంగా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మేతకు మాత్రం పులికాట్‌కు పోయి వస్తాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని అక్కడి రైతులు వాటిని తోలరు. ఈ పక్షుల పేరిట ప్రభుత్వం జరిపే పండుగ కొన్ని సంవత్సరాలు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఆ పండుగ రోజులలో మనం పోకూడదు. మైకుల హోరులో పక్షిని చూడడం కన్న పటంలో చూడడం మేలు.

కాలనిర్ణయం ఈ యాత్రకు ప్రాణం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు మన కోస్తాకు తుపానుల భయం. మార్చి దాటితే సరస్సు ఉత్తర భాగం ఎండి, తెల్లని ఉప్పు పొర మిగులుతుంది, పక్షులు వెళ్లిపోతాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ప్రయోగ పరీక్షలు. పైగా చాంద్రమాన సంవత్సరం చిన్నది గనుక రంజాను నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు శీతాకాలంలోకి వచ్చింది. ఉపవాస దీక్షలో ఉన్న పిల్లలను ఎండలో తిప్పరాదు. అన్నీ లెక్క చూస్తే జనవరిలో సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాతి రెండు వారాలు మనకు మిగులుతాయి. ఈ లెక్కను నేను చేసి ఇవ్వడం కన్న, విద్యార్థులు పంచాంగం, హిజ్రీ క్యాలెండరు, పరీక్షల పట్టిక మూడూ ముందు పెట్టుకొని తామే తేల్చుకోవాలి. పథకం వేయడం కూడా ఒక చదువేనని మన పాఠ్యప్రణాళికలు ఇంకా గుర్తించలేదు.

ఒక్క విషయంలో మాత్రం విద్యార్థుల మాట వినరాదు. అది పడవ. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద సరస్సులో విహారానికి పోయిన పడవ తిరగబడి 22 మంది మరణించారు. పండుగ పూట సంతోషంగా బయలుదేరినవారే. తడకు దగ్గరలో ఉన్న ఉబ్బలమడుగు జలపాతం దగ్గర కూడా యువకులు మునిగిపోయిన వార్తలు పలుమార్లు చదివాం. సరస్సును గట్టు మీద నుండి చూస్తే చాలు. ఇరకం దీవి వారు పడవ ఎక్కక తప్పదు గనుక ఎక్కుతారు. మనకు ఆ అవసరం లేదు. సూళ్లూరుపేట దగ్గర 2019లో ప్రారంభమైన పెద్ద తెర సినిమా హాలుకు పోదామని కూడా కుర్రవారు తప్పక అడుగుతారు. ప్రాణాపాయం లేని కోరిక గనుక దానిని కమిటీ పెద్దల దయకు వదిలిపెడుతున్నాను.

ఇప్పుడు పళవేర్కాడు. సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులో ఉన్నది. శ్రీహరికోట నుండి కంటికి దగ్గరే గాని రోడ్డు మీద తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి చుట్టి పోవాలి. 1610లో డచ్చివారు అక్కడ స్థిరపడ్డారు. 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. ఆ శతాబ్దంలో చాలాకాలం కోరమండల తీరంలో వారి వ్యాపారానికి అది రాజధాని. మన కోస్తా నేతగాండ్ల గుడ్డలు అక్కడి నుండి తూర్పు దీవులకు పోయాయి. మనుషులు కూడా పోయారు; కరవులో అమ్ముడుపోయిన వేలమందిని బానిసలుగా ఓడలకు ఎక్కించిన రేవు అది. డచ్చివారు అక్కడ తుపాకి మందు కూడా తయారు చేయించారు. అదే సరస్సు ఒడ్డున మూడున్నర శతాబ్దాల తరువాత రాకెట్లకు మందు కూరుతున్నాం. కోట శిథిలమైంది, చెక్కడపు పని గల సమాధిరాళ్లు మాత్రం శ్మశానంలో నిలిచి ఉన్నాయి. మన ఇళ్లలో పెద్దలు కట్టే గళ్ల లుంగీని పళయకాట్ లుంగీ అంటాం గదా! ఆ పేరు ఈ ఊరిదే. ఒంటి మీద రోజూ ఉన్న ఊరిని కంటితో చూసినవారు మనలో ఎందరు?

నాకు పళవేర్కాడు మీద ఇంత మక్కువ కలగడానికి అసలు కారణం లుంగీ కాదు, అక్కడి ముసల్మానులు. వారు మరక్కాయరులు. అరబ్బు వర్తకుల సంతతివారమని చెప్పుకొంటారు. ఓడ వ్యాపారం చేసిన వంశాలు. వారి ఇంటి భాష తమిళం. తమిళాన్ని అరబీ లిపిలో వ్రాసే అర్వీ పద్ధతి వారి పాత కాగితాలలో కనిపిస్తుంది. ఉర్దూ వారి భాష కాదు. దీనివల్ల వారి నమాజుకు గాని, ఈమానుకు గాని కొరత వచ్చిందని ఎవరూ అనలేరు.

మన కళాశాల సంగతి మనకు తెలియనిది కాదు. ఉర్దూ విభాగం వారు వేపచెట్టు కింద, తెలుగు విభాగం వారు సైకిల్ షెడ్డు దగ్గర. వార్షికోత్సవంలో ముషాయిరాకు వీరు రారు. కవిసమ్మేళనానికి వారు రారు. ఉర్దూ రాని ముసల్మాను పిల్లవాణ్ణి, వాడి తాతముత్తాతల కాలం నుండి ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నప్పటికీ, ఏదో తక్కువవాడిగా చూసే చూపు మనలో ఉన్నది. దూదేకుల ఇళ్ల నుండి వచ్చిన పిల్లలకు ఆ చూపు బాగా తెలుసు. తెలుగు పాఠం చెప్పే నాకూ అది తెలియనిది కాదు. తెలుగు చక్కగా వ్రాయలేని ఉర్దూ విద్యార్థిని చూసి నవ్వే నవ్వు మరొక వైపున ఉన్నది. ఈ రెంటినీ ఉపన్యాసాలతో మాన్పలేం. నేను ప్రయత్నించి చూశాను. పళవేర్కాడు మసీదులో ప్రసంగం తమిళంలో వింటూ, ఉర్దూ విద్యార్థీ, తెలుగు ముసల్మాను విద్యార్థీ పక్కపక్కన అర్థం కాక ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నప్పుడు ఏమైనా మార్పు రావచ్చునేమో చూద్దాం. యాత్ర రెండవ రోజు శుక్రవారం కావాలని నేను కోరడానికి కారణం ఇదే. జుమా నమాజు అక్కడ చేయవచ్చు. ముస్లిమేతర విద్యార్థులు ఆ సమయంలో కోటను, శ్మశానాన్ని చూస్తారు. మొదటి రోజు సూళ్లూరుపేటలో తలుపులే మూయరని ప్రసిద్ధి పొందిన చెంగాలమ్మ గుడికి వారు పోయినప్పుడు మనవారు బయట టీ తాగుతూ ఎదురుచూస్తారు. దీనిలో పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. ఒకే బస్సులో పోయేవారి మధ్య ఉండవలసిన మర్యాద ఇంతే.

విద్యార్థినుల విషయం. రాత్రి బస అనగానే మన ఇళ్లలో అనుమతి రాదు. దానిని మార్చే శక్తి ఒక వ్యాసానికి లేదు. అందువలన యాత్రను రెండు ముక్కలుగా అమర్చాలని నా సూచన. మొదటి రోజు అందరిదీ. తెల్లవారుజామున రైలులో బయలుదేరి, నేలపట్టు, శ్రీహరికోట ప్రదర్శనశాల, సాయంకాలపు ఎండలో సరస్సు రోడ్డు చూసుకొని, రాత్రి ఇషా నమాజు వేళకు ఎవరి ఇంటికి వారు చేరవచ్చు. రెండవ రోజు తడ, పళవేర్కాడు. అనుమతి ఉన్నవారు సూళ్లూరుపేటలో రాత్రి బస చేసి పోతారు. అమ్మాయిలకు పళవేర్కాడు దక్కదా అని అడిగితే, దక్కాలి. వారి కోసం అదే నెలలో మరొక పగటి ప్రయాణం, ఇద్దరు మహిళా అధ్యాపకులతో, తల్లులు రాదలచుకొంటే తల్లులతో సహా ఏర్పాటు చేయాలి. మనం తల్లులను ఎప్పుడూ పిలవలేదు. పిలిస్తే వస్తారని నా నమ్మకం.

ఖర్చు సంగతి చెప్పనవసరం లేదు. మెము రైలులో సూళ్లూరుపేటకు చీటీ ధర ఒక ప్లేటు బిర్యానీ ధర కన్న తక్కువ. మధ్యాహ్నానికి ఇంటి నుండి కుష్కా, పులిహోర తెచ్చుకొని పంచుకోవచ్చు. అక్కడి నుండి తిరగడానికి కిరాయి బస్సు ఒక్కటే పెద్ద ఖర్చు. దూరపు యాత్రకు కళాశాల ఏటా ఇచ్చే సహాయపు మొత్తాన్ని ఈ బస్సులకు మళ్లిస్తే, డబ్బు లేక ఇంటి దగ్గర ఆగిపోయే విద్యార్థి ఒక్కడు కూడా ఉండడు. గోవాకు పోవాలనుకొనేవారు తమ సొంత సొమ్ముతో వేసవిలో పోవచ్చు. వారిని ఎవరూ ఆపరు.

కమిటీ పెద్దలు దీనిని అంగీకరిస్తే చేయవలసిన మొదటి పని చిన్నది. ఉర్దూ విభాగం నుండి ముగ్గురిని, తెలుగు విభాగం నుండి ముగ్గురిని, ఆ ఆరుగురిలో కనీసం ఇద్దరు విద్యార్థినులు ఉండేట్టు నియమించాలి. శ్రీహరికోట ప్రదర్శనశాలకు అనుమతి కోరుతూ ఉత్తరం ముందుగా వ్రాయాలి. ఆ ఉత్తరాన్ని విద్యార్థులే వ్రాయాలి, ప్రిన్సిపాలు గారు సంతకం చేయాలి. పళవేర్కాడు మసీదు పెద్దలకు ఒక ఉత్తరం పంపాలి. అది ఏ భాషలో వ్రాయాలో ఆ ఆరుగురే తేల్చుకోవాలి. డిసెంబరు మొదటి వారంలోగా ఈ రెండు ఉత్తరాలు తపాలా పెట్టెలో పడాలి.